అవ్వ పొట్లంలో తెల్లబిళ్ళ

పోయిన వారం అరుణకుమారిని వాకిట్లో నిలబెట్టి వచ్చాం. చెవి దగ్గర ఫోను, కళ్ళ నిండా నీళ్ళు, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం. హైదరాబాదు ఆసుపత్రిలో పరిశోధన చేసే డాక్టర్ హేమలత ఫోన్లో చెప్పింది ఒక్క మాటే: "అక్కా, కేశవి పేరు వచ్చింది."

ఎందులో వచ్చిందో కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పాలి. అరుణకుమారి కూతురు కేశవికి తొమ్మిదేళ్ళు. తలలో గడ్డ. ఆపరేషన్ అయింది, రేడియేషన్ కరెంటు పెట్టించడమూ అయింది. అయినా అది మళ్ళీ పెరిగే మొండి జాతి గడ్డ అని డాక్టర్లు మొదటే చెప్పారు. ఇక మిగిలింది ఒక కొత్త పద్ధతి. పిల్ల రక్తంలోంచి రోగంతో పోరాడే కణాలను తీసి, ఆ గడ్డను గుర్తుపట్టడం వాటికి ప్రయోగశాలలో నేర్పి, మళ్ళీ పిల్ల ఒంట్లోకే పంపిస్తారు. ముందు పెద్దవాళ్ళకు చేసి చూశారు, ఇప్పుడు పిల్లలకు మొదలుపెట్టారు. నయమవుతుందని ఎవరూ రాసివ్వరు. చోటు కూడా కొద్దిమందికే. ఆ కొద్దిమందిలో కేశవి ఒకతి. ఈ సోమవారం కాక పై సోమవారం హైదరాబాదులో రక్తం తీయాలి. హేమలతది గిద్దలూరే కనుక, పిన్ని కూతురి పెళ్ళికి వస్తూ, ఈ ఆదివారం పొద్దున ఇంటికే వచ్చి పిల్లను ఒకసారి చూసిపోతానంది.

ఆ ఆదివారం వచ్చింది.

మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే దారిలో ఉన్న ఆ ఊళ్ళో, ఆ పొద్దున అరుణకుమారి ఇంట్లో హడావుడి చూసినవాళ్ళు పెళ్ళిచూపులేమో అనుకుని ఉంటారు. గేదె పాలు పితకడానికి పక్కింటామెను పంపింది. క్యాన్ నీళ్ళకు మొగుణ్ణి తరిమింది. తను మాత్రం పిల్లను వదిలి అంగుళం కదలలేదు. తలంటింది, కొత్త గౌను తొడిగింది, తనే కూర్చుని దోసెలు తినిపించింది. కేశవికి జుట్టు అక్కడక్కడా మొలుస్తోంది. అరుణకుమారికి అదీ లేదు, కొంగు తల చుట్టూ బిగించి కప్పుకుంది. పిల్ల తేరుకున్నందుకు వారం కిందట శనివారం మాలకొండ స్వామి గుడికి పోయి తలనీలాలు ఇచ్చి వచ్చింది. ఇంట్లో ఎవరూ అడగలేదు, తనే మొక్కుకుంది, తనే తీర్చుకుంది.

తేరుకోవడం అంటే మాటలా మరి! మొన్నమొన్నటి దాకా తలనొప్పితో గోడకేసి తల కొట్టుకున్న పిల్ల, మెతుకు ముట్టని పిల్ల, ఇప్పుడు అడిగి తింటోంది. నవ్వుతోంది. బుగ్గలు వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి చూసి, దిష్టి తగులుతుందని బుగ్గన చుక్క పెట్టి పోయారు. బాగున్న రోజున ఎందుకు బాగుందని మనిషి అడగడు. బాగాలేని రోజునే వెయ్యి ప్రశ్నలు.

పదిగంటల ప్రాంతంలో హేమలత కారు దిగింది. పెళ్ళింటి పట్టుచీరలోనే వచ్చింది, భుజాన ఆసుపత్రి సంచి. కేశవి ఎదురు పోయింది.

"ఆంటీ! నేను అయిదు దోసెలు తిన్నా. ఇంకా తింటా, అమ్మ చాలంటాంది."

"అబ్బో!" అంటూ వంగిన హేమలత పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నవ్వు పెదవుల మీద ఉన్నది ఉన్నట్టే ఉంది కానీ కళ్ళు ఆగిపోయాయి. చంద్రుడిలా గుండ్రటి ముఖం. బుగ్గల పక్కన నూగు. మెడ వెనక చిన్న మూపురంలా కొవ్వు. వైద్యం చదివినవాళ్ళకు ఆ ముఖం ఏం చెబుతుందో అది చెప్పేసింది. 

"చూసినారా మేడమ్?" అరుణకుమారి మురిసిపోతోంది. "ఒళ్ళు చేసింది. నాకే ఎత్తుకోను చాతకావడంలా."

"చూసినానక్కా." హేమలత అరుగు మీద కూర్చుంది. పలకరాళ్ళు పరిచిన చల్లటి అరుగు అది. "కేశవీ, ఏదీ, ఇట్ల గొంతుక్కూర్చుని లెయ్యి చూద్దాం."

పిల్ల కూర్చుంది. లేవలేకపోయింది. చేతులు మోకాళ్ళ మీద ఆనించి ఒకసారి ప్రయత్నించింది, పక్కనున్న స్తంభం పట్టుకుని ఇంకోసారి ప్రయత్నించింది, చివరికి తల్లి చెయ్యి అందుకుంది. పొట్ట, ముఖం నిండుగా ఉన్నాయి, తొడలు మాత్రం కట్టెపుల్లలు. హేమలత వేలి చివర సూదితో గుచ్చి, చిన్న మిషన్ మీద చుక్క రక్తం వేసి చూసింది. చక్కెర ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది.

"అక్కా, పాపకు ఏమేం మందులు ఇస్తున్నారు?"

"మీరు రాసిచ్చిన ఫిట్స్ మందే. పొద్దున, సాయంత్రం."

"ఇంకా?"

"ఇంకేం ఇయ్యలా."

"బాగా గుర్తు చేసుకోక్కా."

అరుణకుమారికి కొంచెం రోషం వచ్చింది. "గుర్తు చేసుకునేదేంది మేడమ్? మిమ్మల్ని అడక్కుండా ఏదీ పెట్టొద్దని మీరు చెప్పినారు గదా. అన్నింటికన్నా ముఖ్యంగా ఆ స్టెరాయిడ్ పెట్టొద్దని చెప్పినారు. ఆసుపత్రిలో ఇచ్చి మాన్పిచ్చిన బిళ్ళలు మిగిలుంటే నేనే కాలవలో పారేసినా. తలనొప్పని పిల్ల అల్లాడిపోతా ఉంటే మా ఆయన పారాసెట్మాల్ తెచ్చినాడు. అదీ ఇయ్యనియ్యలా నేను. గుండె రాయి చేసుకోని కూర్చున్నా."

హేమలత చప్పున తలెత్తింది. "పారాసెట్మాల్ ఇవ్వచ్చక్కా. అది వద్దని ఎవరూ చెప్పలేదు."

 చెప్పినదానికంటే రెండింతలు నియమం పాటిస్తే రెండింతలు మేలు జరుగుతుందనుకుంది ఆ తల్లి. నియమం ఎక్కువైతే అది కూడా దెబ్బ కొడుతుందని ఆమెకు ఎవరు చెప్పాలి!

"అక్కా, నేను చెప్పేది కోపం లేకుండా విను. పాప స్టెరాయిడ్ వాడుతోంది. ఒకటి రెండు రోజులు కాదు, చాన్నాళ్ళ నుంచి."

"మా పిల్లా?" అరుణకుమారి నవ్వినంత పని చేసింది. "మీకేదో పొరబాటు మేడమ్."

అప్పుడే నీళ్ళ క్యాన్ భుజాన పెట్టుకుని మాలకొండయ్య వాకిట్లోకి వచ్చాడు. కేశవి తండ్రి. పలకల గని దగ్గర ట్రాక్టరు తోలతాడు, ఉన్న చేనులో కంది వేస్తాడు, పది మాటలకు ఒక మాట బదులు చెబుతాడు. భార్య అతని మీదికి తిరిగింది.

"ఏమయ్యా, నాకు తెలియకుండా పిల్లకేమన్నా తెచ్చి పెట్టినావా? మేడమ్ ఏందో అంటాంది."

మాలకొండయ్య క్యాన్ దించాడు. బదులు చెప్పలేదు. అయితే అతను ఎప్పుడూ అంతే కనుక ఆమె దాన్ని పట్టించుకోలేదు.

బదులు చెప్పింది కేశవే. తల్లి చేతిలోంచి జారి, హేమలత పక్కన అరుగు అంచున కూర్చుని, కాళ్ళూపుకుంటూ చెప్పింది.

"తెల్లబిళ్ళ గురించా ఆంటీ? అది మందు కాదు. అది అవ్వది."

ఇంట్లో దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో దొంగ ఎక్కడికీ పారిపోలేదు, వాకిట్లోనే వేపచెట్టు నీడన నులకమంచం మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

పిచ్చమ్మకు అరవై అయిదేళ్ళు. చూస్తే ఎనభై అంటారు. మెడ అటూ ఇటూ తిరగదు, నడుము వంగింది, మోకాళ్ళు లోపలికి వంకర పోయాయి. ఆ పక్క ఊళ్ళలో ఇది వింత కాదు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు చిన్నతనంలో పళ్ళను పట్టుకుంటుంది, ముసలితనంలో ఎముకలను. క్యాన్ నీళ్ళు వచ్చేసరికి పిచ్చమ్మ తరం తాగాల్సిందంతా తాగేసింది. వాళ్ళందరికీ ఒకటే దిక్కు, మార్కాపురంలో ఒక సందులో కూర్చునే పొట్లాల ఆయన. ఆయన డాక్టరు కాదని అందరికీ తెలుసు. కాగితం మడిచి ఇస్తాడు. అందులో ఒక పచ్చబిళ్ళ, ఒక ఎర్రబిళ్ళ, పెసరగింజంత ఒక తెల్లబిళ్ళ ఉంటాయి. పేరూ ఊరూ ఏదీ రాసి ఉండదు. వేసుకున్న గంటకు లేవలేని ముసలామె లేచి చేనికి పోతుంది. అంతకంటే ఏం కావాలి? ఊరి సగం ముసలివాళ్ళు ఆ పొట్లాల మీదే నడుస్తున్నారు.

హేమలత లేచి మంచం దగ్గరికి పోయింది. ఆమె తల్లి కూడా గిద్దలూరులో ఇలాంటి పొట్లాలే మింగేది. కోపం తెచ్చుకోవాలనుకున్నా రాలేదు.

"పెద్దమ్మా, ఒకసారి ఆ పొట్లం చూపిస్తావా?"

పిచ్చమ్మ బొడ్డు సంచి తీసింది. వక్క, ఆకు, సున్నం డబ్బా, వాటి కింద కాగితం పొట్లం. హేమలత తెల్లబిళ్ళను అరచేతిలో వేసుకుని చూసింది. చూడాల్సిన అవసరం కూడా లేదు.

"పాపకు ఎంతకాలం నుంచి పెడుతున్నావు?"

"కంది కోతల కాడి నుంచి, రెండు నెలలు దాటింది" అంది పిచ్చమ్మ. దాచే ఉద్దేశం ఆమె గొంతులో లేదు. "పొద్దున అరుణమ్మ పాలు పితకను పోతాది గదా, అప్పుడు. బెల్లం ముక్కలో పెట్టి ఇచ్చేదాన్ని. తెల్లదొక్కటే. ఆ రంగు బిళ్ళలు కడుపులో మంట, పిల్ల తట్టుకోలేదని పెట్టలా."

"అత్తా!" అరుణకుమారి అరుపుకు మంచం కింద కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. "ఎంత పని చేసినావు అత్తా! నేను కాపలా కాస్తా ఉంటే నా వెనకమాల..."

"అరవాకు. ముందు నేను చెప్పేది విను." పిచ్చమ్మ మెడ తిరగదు కనుక ఒళ్ళంతా తిప్పి కోడలి వైపు కూర్చుంది. "ఆ పొద్దు నువ్వు చేనికి పోయినావు. పిల్ల నొప్పికి తాళలేక నా ఒళ్ళో పడి మెలికలు తిరిగింది. అవ్వా, నా తల తీసి పక్కన పెట్టవా అనింది. తొమ్మిదేళ్ళ బిడ్డ అనే మాటనా అది? నువ్వేమో ఏదీ ఇయ్యొద్దంటివి. నేనేం చేసేది? నా దగ్గరుండేది ఇదొక్కటే. లెయ్యలేని నన్ను లేపి నడిపించేది పిల్లను నడిపించదా అనుకున్నా. నడిపించింది గూడా! నీ కళ్ళతో నువ్వు చూడలా?"

చూసింది. అదే అరుణకుమారి నోరు కట్టేసింది.  ఇంతలో ఆమెకు ఇంకో సంగతి తట్టింది.

"నీ పొట్లాలు నీకే చాలవు గదా అత్తా. వారానికి ఇంతని తెస్తాడు గదా ఈయన. పిల్లకు గూడా పెట్టినావంటే..." ఆగి, మెల్లగా మొగుడి వైపు చూసింది. "ఎక్కువ తెచ్చిచ్చినావా?"

మాలకొండయ్య క్యాన్ పక్కనే నిలబడి ఉన్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"తెచ్చినా."

"ఎవరికని అడగలా?"

"అడగలా. తెలిసింది." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అది తిన్నప్పటి నుంచి నవ్వతా ఉండింది అరుణా. నేను పని నుంచి వస్తే నాయనా అని ఎదురొచ్చేది. అడిగితే నువ్వు మాన్పిస్తావని అడగలా."

అరుణకుమారి అరుగు మీద కూలబడింది. మొగుణ్ణి తిట్టాలి, అత్తను తిట్టాలి. వాళ్ళిద్దరూ చేసింది దొంగతనమే. పిల్ల నవ్వు కోసం చేశారు. ఆ నవ్వును చూసి అందరికంటే ఎక్కువ మురిసింది తనే.

హేమలత ఆమె పక్కన కూర్చుంది. చెప్పక తప్పదు. చెప్పే పద్ధతి ఏదైనా గాయం ఒకటే.

"అక్కా, గడ్డ చుట్టూ వాపు వచ్చి నీరు చేరుతుంది. దానివల్లే తలనొప్పి. ఈ బిళ్ళ ఆ వాపును తగ్గిస్తుంది. అందుకే పాప తేరుకున్నట్టు కనిపించింది. ఆకలి కూడా ఈ బిళ్ళదే. బుగ్గలూ దీనివే."

"గడ్డ?"

"గడ్డను ఇది ఏమీ చెయ్యదు. అది దాని పని అది చేసుకుంటా ఉంటుంది."

అరుణకుమారి చెయ్యి తనకు తెలియకుండానే కొంగు లోపలికి పోయింది. గుండు తడుముకుంది.

"మరి నేను మాలకొండకు పోయి జుట్టిచ్చి వచ్చినా గదా మేడమ్" అంది. ఎవరినో తప్పు పడుతున్నట్టు కాదు, లెక్క తప్పిన పిల్ల పంతులమ్మను అడిగినట్టు అడిగింది. 

"ఆ సోమవారం పనికి దీంతో ఏం ఇబ్బంది?" మాలకొండయ్య అడిగాడు.

"అన్నా, మనం తీయబోయేది రోగంతో పోరాడే కణాలను. ఇంటికి కాపలా కుక్కలుంటాయి చూడు, అట్లాంటివి. ఈ బిళ్ళ వాటికి మత్తు పెడుతుంది. మత్తులో ఉన్న కుక్కలను తీసుకుపోయి ఏం నేర్పిస్తాం? నేర్పినా అవి పిల్ల ఒంట్లోకి వచ్చాక మళ్ళీ నిద్రపోతాయి. అందుకే స్టెరాయిడ్ వాడే పిల్లలను తీసుకోకూడదని రూలు."

"అంతే గదా!" అరుణకుమారి దిగ్గున లేచింది. కూలిన గోడలోంచి ఒక ఇటుక దొరికినట్టు దాన్ని పట్టుకుంది. "ఈ పొద్దు నుంచే ఆపేస్తాం. నొప్పికి పిల్ల ఎంత ఏడ్చినా ఇయ్యం. ఇంతకు ముందు ఓర్చుకోలా? ఓర్చుకుంటాది. అత్తా, ఇటీ ఆ పొట్లాలు, పొయ్యిలో పారేస్తా."

"ఆపకూడదక్కా!" హేమలత ఆమె చెయ్యి పట్టుకుంది. "అన్ని నాళ్ళు వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. ఒంట్లో దానంతటదే తయారయ్యే స్టెరాయిడ్ తయారవడం మానేసింది, పాప ఈ బిళ్ళ మీదే బతుకుతోంది. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. వారాలు పడుతుంది. తగ్గిస్తున్నప్పుడు నొప్పి మళ్ళీ వస్తుంది. పూర్తిగా మానిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆగితేనే రక్తం తీయగలం."

"సోమవారం?"

హేమలత తల అడ్డంగా ఊపింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇస్తే చికిత్స లేదు, ఇవ్వకపోతే పిల్ల ఉండదు, తగ్గిస్తూ పోతే గడ్డ ఆగదు. అరుణకుమారి మూడు వైపులా చూసింది. మూడు వైపులా తలుపులు మూసే ఉన్నాయి.

"మరి పేరు? ఉంచుతారు గదా? మానినాక పిలుస్తారు గదా?"

"అడుగుతానక్కా. మురళీధర్ సార్ను అడుగుతా. ఆయనే పెద్ద. కానీ వెనక ఇంకో బాబు ఉన్నాడు. అయిదేళ్ళు. వాడికీ టైము లేదు. మనం సోమవారం కాదంటే ఆ చోటు వాడికి పోతుంది. మళ్ళీ ఎప్పుడు ఖాళీ వస్తుందో నాకు తెలియదు."

ఇంతవరకూ హేమలతను మేడమ్ అని పిలిచిన అరుణకుమారి, అప్పుడు ఆమె రెండు చేతులూ పట్టుకుని కిందకు జారి మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెప్పొద్దు తల్లీ."

"అక్కా, లెయ్యి."

"నువ్వు చూసినట్టు చెప్పొద్దు. నీకు తెలీదనుకో. నువ్వు పెళ్ళికి వచ్చినావు, మా ఇంటికి రాలా. సోమవారం మేమే వస్తాం, వాళ్ళే చూసుకోని ఏం చేస్తారో చేస్తారు. నువ్వు ఈ ప్రాంతం ఆడపిల్లవి. నీ కాళ్ళు పట్టుకుంటా."

పిల్ల ముందు పెద్దమనిషి అలా కాళ్ళ మీద పడటం చూడలేక మాలకొండయ్య గోడ వైపు తిరిగాడు. హేమలత ఎన్నో పరీక్షలు రాసి, పట్టాలు తెచ్చుకుని, పెద్ద ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో పని చేస్తోంది. ఈ అరుగు మీద ఆమెకు చేతనైంది ఏమీ లేదు. అది ఆమెకు తెలుసు. తెలిసినందుకు ఏడుపొచ్చింది.

"చెప్పకపోయినా రక్తం చెబుతుందక్కా. ఒకవేళ ఎవరికీ తెలియలేదే అనుకో. ఆ కణాలు పెరగవు. ఒకసారి తీసినవి పాడైతే పాపకు ఇంకో అవకాశం ఇవ్వరు. ఉన్న ఒక్కటీ మనమే పోగొట్టుకుంటాం. ఆ బాబుది కూడా పోగొడతాం. నేను అబద్ధం ఆడి నీకు మేలు చేయగలిగితే ఆడేదాన్నక్కా. ఒట్టు."

అరుణకుమారి చేతులు వదిలేసింది. ఏడవలేదు కూడా. పిచ్చమ్మ చేటలోని పప్పు ఎప్పుడో నేల పాలైంది, కోళ్ళు ఏరుకుంటున్నాయి, ఎవరూ అదిలించలేదు.

"అమ్మా."

కేశవి. ఇంతసేపూ అరుగు మీద కాళ్ళూపుకుంటున్న పిల్ల ఇప్పుడు ఊపడం లేదు. రెండు చేతులతో నుదురు పట్టుకుని ఉంది.

"నొప్పొస్తాంది."

ఈ రోజు అరుణకుమారి పాలు పితకడానికి పోలేదు. పిల్లను వదిలి కదలలేదు. పొద్దున బెల్లం ముక్క పడలేదు. ఆ సంగతి ఆ వాకిట్లో అందరికీ ఒకేసారి అర్థమైంది.

"అవ్వా, నొప్పొస్తాంది. తెల్లబిళ్ళ ఇయ్యవా?"  పిల్ల చెయ్యి తల్లి వైపు కాదు, మంచం వైపు చాచింది.

పిచ్చమ్మ చెయ్యి బొడ్డు సంచి దాకా పోయి ఆగిపోయింది. కోడలి వైపు చూసింది. కోడలు డాక్టరు వైపు చూసింది. దీన్ని మాన్పించాల్సిన హేమలత కళ్ళు మూసుకుంది. ఈ పూట ఆపితే పిల్ల తట్టుకోలేదు. తగ్గించడం మొదలుపెట్టాలన్నా, ముందు ఈ పూట బిళ్ళ పడాలి.

"ఇవ్వండి" అంది. తన నోటి వెంట ఆ మాట వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు. "రేపటి నుంచి ఎంత తగ్గించాలో రాసిస్తా. ఇప్పుడు ఇవ్వండి. పారాసెట్మాల్ కూడా వెయ్యండి."

పిచ్చమ్మ తెల్లబిళ్ళ తీసింది కానీ పిల్లకు పెట్టలేదు. అరచేతిలో పెట్టుకుని కోడలి ముందు చాచింది. "నువ్వు పెట్టమ్మా. నా చెయ్యి ఆడదు."

అరుణకుమారి ఆ పెసరగింజంత బిళ్ళను అందుకుంది. ఇది పెడితే నొప్పి పోతుంది, సోమవారమూ పోతుంది. వంటింట్లోకి పోయి బెల్లం ముక్క తెచ్చింది. లోపల బిళ్ళ పెట్టి, వేళ్ళతో ఒత్తి, ఇంతకాలం తన వెనక జరిగిన పనిని ఇప్పుడు తన చేత్తో చేసింది. పిల్ల నోరు తెరిచి అందుకుని, అలవాటైన పిల్లలా గుటుక్కున మింగింది.

సరిగ్గా అప్పుడే హేమలత ఫోను మోగింది. మురళీధర్ సార్.

తీయక తప్పదు. వేలు జారి స్పీకరు మీద పడిందో, తనే నొక్కిందో, ఆయన గొంతు వాకిలంతా వినిపించింది.

"హేమలతా, ఆ మార్కాపురం పాపను చూశావా? స్టెరాయిడ్ ఏమీ లేదు కదా? సోమవారానికి నీ మాట మీద ఖాయం చేసేస్తున్నా. పాప వస్తున్నట్టా, రానట్టా?"

హేమలత నోరు తెరిచింది. అరుణకుమారి కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. మాట బయటికి రాకముందే మంచం కిర్రుమంది. పిచ్చమ్మ లేచింది. ఈ రోజు తన పొట్లం కూడా వేసుకోలేదేమో, ఒక్కో అడుగూ పళ్ళు బిగించి వేసింది. అరుగు పట్టుకుని, ఫోను దగ్గరికి ఒళ్ళంతా వంచింది.

"అయ్యా, నా పేరు పిచ్చమ్మ. పిల్ల అవ్వను. బిళ్ళ నేను పెట్టినా. వాళ్ళమ్మకు తెలీదు, ఈ తల్లికి తెలీదు. తప్పు రాసుకునేది ఉంటే నా పేరు రాసుకో. పిల్ల పేరు మాత్రం కొట్టెయ్యాకు నాయనా."

ఆ వైపు నుంచి మాట లేదు. ఫోను పోయిందేమో అనుకున్నారు. 

"హేమలతా" అన్నాడాయన చివరికి. గొంతు మారింది. "స్పీకరు ఆపు. పక్కకు రా. పొద్దున ఇక్కడ ఒకటి జరిగింది. ఆ అయిదేళ్ళ బాబు గురించి నీకు చెప్పాలి."

హేమలత స్పీకరు ఆపి, ఫోను చెవికి ఆనించుకుని గేటు దాకా నడిచింది. ఇక ఆమె మాటలు వినపడవు. వీపు కనిపిస్తోంది. పట్టుచీర కొంగు నేల మీద ఈడ్చుకుపోతున్నా ఆమెకు తెలియడం లేదు. గేటు దగ్గర ఆగి, "ఎప్పుడు సార్?" అన్నట్టు చెయ్యి ఆడింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా గేటు ఊచ పట్టుకుంది.

అరుణకుమారి లేచి పోవాలనుకుంది. ఒళ్ళో పిల్ల ఉంది. కేశవి తల్లి పొట్టకు తల ఆనించి, నుదురు నొక్కుకుంటూ, ఓదార్చే గొంతుతో చెప్పింది.

"కాసేపుంటే తగ్గుతాదిలే అమ్మా. ఎప్పుడూ తగ్గుతాది. రేపు గూడా నువ్వే పెడతావా?"